230 రూపాయల బ్యాటరీ లైటు: చెరువు గట్టు మీద ఐదు నెలల లెక్క

ఉప్పలగుప్తం మండలంలో మాకు రెండెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. రాత్రి పది నుంచి తెల్లారి ఐదు వరకు గట్టు మీద ఆరు రౌండ్లు తిరగాలి. ఒక్కో రౌండుకి ఇరవై నిమిషాలు. అంటే రాత్రికి 2 గంటల వెలుగు కావాలి. ఎంతసేపు వెలిగిందో కొలిచిన ప్రతిసారీ ఈ 2 గంటలతోనే పోల్చి చూశాను.

అందుకే 230 రూపాయలకి చేతి టార్చి ఒకటి కొన్నాను. ఇలాంటి లైటు అమలాపురంలోనే కాదు, ఏ ఊరి ఫ్యాన్సీ షాపులో అడిగినా దొరుకుతుంది. కొనాలనుకునేవాళ్ళకీ, కొని విసుగొచ్చి మూల పడేసినవాళ్ళకీ పనికొస్తుందని ఖర్చుతో సహా అన్నీ రాస్తున్నాను.

మొదటి దశ: పెట్టె మీది అంకెలు, నా అంకెలు (ఆగస్టు)

అల్యూమినియం ఒళ్ళు, పొడవు 93 మి.మీ., సెల్లు లేకుండా బరువు 56 గ్రాములు. ఒక్క పెన్సిల్ సెల్లు పడుతుంది. తల ముందుకి లాగితే వెలుగు ఒకచోటికి చేరుతుంది, వెనక్కి నెడితే విచ్చుకుంటుంది. స్విచ్చి వెనక మూతలో ఉంది. మూడు మోడ్‌లు: ఎక్కువ, తక్కువ, మిణుకు. కంపెనీ పేరు ఎక్కడా లేదు.

పెట్టె మీద మాత్రం 2000 ల్యూమెన్లు, 1000 మీటర్లు, వాటర్‌ప్రూఫ్ అని అచ్చేశారు.

ముందు ల్యూమెన్ల సంగతి, అంటే టార్చి ఇచ్చే మొత్తం వెలుగు. మంచి ఎల్ఈడీ అయితే వాటుకి 100 నుంచి 150 ల్యూమెన్లు ఇస్తుంది. ఆ లెక్కన 2000 రావాలంటే 13 నుంచి 20 వాట్లు కావాలి. చార్జింగు పెన్సిల్ సెల్లులో మొత్తం ఉండేదే సుమారు 2.4 వాట్-అవర్లు. పది నిమిషాల్లో సెల్లు ఖాళీ అవ్వాలి, ఈలోపు చెయ్యి కాలాలి. అంటే అది జరిగే పని కాదు. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, కాగితం మీద లెక్క వేస్తే చాలు.

దూరానికి మాత్రం కొలత కావాలి. 2009లో వచ్చిన ఏఎన్‌ఎస్‌ఐ (అమెరికా ప్రమాణాల సంస్థ) ఎఫ్ఎల్-1 పద్ధతి ప్రకారం, వెలుగు (ఒక చోట ఎంత పడుతోందో లక్స్‌లలో కొలుస్తారు) 0.25 లక్స్‌కి పడిపోయే చోటు వరకు ఉన్నదే ఆ టార్చి దూరం. 0.25 లక్స్ అంటే దాదాపు నిండు పున్నమి వెన్నెల. ఇంట్లో ఇలా చేశాను:

1. రాత్రి గదిలో అన్ని లైట్లూ ఆర్పి, ఫోనుని గోడకి నిలబెట్టాను. లక్స్ చూపించే ఉచిత యాప్ తెరిచాను.
2. సరిగ్గా 2 మీటర్ల దూరంలో స్టూలు మీద టార్చి పెట్టాను.
3. వచ్చిన లక్స్‌ని 4తో (2 × 2) గుణిస్తే క్యాండెలా, అంటే ఆ దిక్కున వెలుగు తీవ్రత.
4. దాని వర్గమూలాన్ని 2తో గుణిస్తే మీటర్లు.

విచ్చుకున్న వెలుగు 24 లక్స్, అంటే 96 క్యాండెలా, సుమారు 20 మీటర్లు. తల లాగినప్పుడు 860 లక్స్, అంటే 3440 క్యాండెలా, 117 మీటర్లు. 1000 మీటర్లు నిజం కావాలంటే 2,50,000 క్యాండెలా ఉండాలి. అప్పుడు నా ఫోను 62,500 లక్స్ చూపించాలి. ఆరుబయట ఎండలో పెడితే చూపించే అంకెలవి.

ఇక్కడ ఒక తప్పు చేశాను. ఫోనులో వెలుగు పట్టే సెన్సరు ముందు కెమెరా పక్కన చిన్న చుక్కంత ఉంటుంది. మొదటిరోజు కొలతల్లో వెలుగు మధ్య భాగం దాని మీద పడలేదు. ఒకసారి 310, ఒకసారి 700 వచ్చాయి. టార్చి బాగాలేదనుకున్నాను కానీ తేడా ఫోను పెట్టడంలో ఉంది. రబ్బరు బ్యాండుతో ఫోనుని చెక్కకి బిగించి, స్టూలు మీద టార్చి చోటు టేపుతో గుర్తు పెట్టాక అంకెలు నిలకడగా వచ్చాయి. మామూలు ఫోను ఇచ్చే లక్స్ ప్రమాణం కాదు. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి మాత్రం సరిపోతుంది.

రెండో తప్పుకి డబ్బు పోయింది. కరెంటు ఎంత లాగుతోందో చూద్దామని మల్టీమీటరు తీగని 200 మిల్లీ యాంపుల రంధ్రంలో పెట్టాను. ఫ్యూజు పోయింది. 15 రూపాయలు పెట్టి కొత్తది వేసి, ఈసారి 10 యాంపుల రంధ్రంలో పెడితే 0.52 యాంపులు చూపించింది. అదీ సరైనది కాదు. సెల్లు ఇచ్చేదే 1.2 వోల్టులు, సన్నటి మీటరు తీగలే అందులో కొంత మింగేస్తాయి. ఆ తీగలు తీసి, లావుపాటి ఇంటి వైరింగు వైరు పొట్టి ముక్కలు పెడితే 0.93 వచ్చింది. ఒక్క సెల్లుతో నడిచే దేన్ని కొలిచినా ఈ జాగ్రత్త తప్పదు.

చివరగా, ఎంతసేపు వెలుగుతుందో చూశాను. బాత్‌రూములో టార్చిని విచ్చుకున్న మోడ్‌లో పైకప్పు వైపు నిలబెట్టి, ఫోను నేల మీద పెట్టి తలుపు వేశాను. పైకప్పు మీద నుంచి తిరిగొచ్చే వెలుగు 9 లక్స్. 2000 ఎంఏహెచ్ చార్జింగు సెల్లుతో 3 గంటల 10 నిమిషాలు నడిచింది. నాకు కావాల్సింది 2 గంటలు కాబట్టి అప్పటికి ఆనందంగానే ఉంది.

ఖర్చు ఇప్పటిదాకా: టార్చి 230, చార్జింగు సెల్లుల జత 320, ఫ్యూజు 15. మొత్తం 565. చార్జరు ఇంట్లో ముందే ఉంది, లెక్కలో కలపలేదు.

రెండో దశ: తనంతట తానే మిణుకుమంది (సెప్టెంబరు)

గట్టు మీదికి తీసుకెళ్ళిన పదకొండో రాత్రి. తెల్లవారుజామున మూడింటి రౌండు. ఆ వేళ చెరువు నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) అడుగుకి పడుతూ ఉంటుంది. రాత్రంతా నాచూ రొయ్యలూ ఆక్సిజన్ పీల్చుకోవడమే తప్ప, తెల్లారి ఎండ పడేదాకా నాచు తిరిగి ఇచ్చేదేమీ ఉండదు. నీళ్ళు చిమ్మి గాలి కలిపే చక్రం (ఏరేటరు) ఒక్కటి ఆగినా వెంటనే తెలియాలి. మూల మీద బోదె దాటడానికి గెంతాను. కాలు నేలకి ఆనిన క్షణంలో లైటు మిణుకు మోడ్‌లోకి వెళ్ళిపోయింది. నొక్కితే తక్కువ మోడ్. మళ్ళీ నొక్కితే ఆరిపోయింది. అరచేత్తో కొడితే వెలిగి, రెండడుగులు వేయగానే మళ్ళీ మిణుకు.

అక్కడే నిలబడిపోయాను. వానాకాలంలో ఆ గట్టు గడ్డిలో కట్లపాములు తిరుగుతాయి. చీకట్లో అడుగు వేయడానికి ధైర్యం చాలలేదు. పాక దగ్గర నుంచి కాపలా తాత తన లైటుతో వచ్చేదాకా కదల్లేదు.

"మీ లైటు టపటపలాడతంటే దూరం నుంచే కనపడిందండీ అబ్బాయిగారూ. వెనకమాల బిగించండి ఓసారి," అన్నాడు.

బిగించాను. పది నిమిషాలు పనిచేసింది. తాత మాటలోనే అసలు జబ్బు ఉందని తర్వాత తెలిసింది.

ఈ రకం టార్చిలో కరెంటు వెళ్ళే దారి ఇది: సెల్లు అడుగు నుంచి స్ప్రింగుకి, స్ప్రింగు నుంచి స్విచ్చికి, స్విచ్చిని పట్టుకున్న గుండ్రటి రింగుకి, రింగు నుంచి వెనక మూత మరలకి, మరల నుంచి ఒంటికి, ఒళ్ళు మీదుగా తలకి. ఇన్ని చోట్ల లోహం లోహాన్ని తాకాలి. ఎక్కడ ఒక్క క్షణం తెగినా, స్విచ్చి సగం నొక్కినట్టే లోపలి సర్క్యూట్ అనుకుంటుంది. అందుకే పక్క మోడ్‌కి దూకుతుంది.

మర్నాడు ఇలా పరీక్షించాను:

1. వెనక మూత తీసేశాను. లావు రాగి తీగతో సెల్లు అడుగునీ ఒంటి అంచునీ కలిపాను. బాత్‌రూము కొలత 9 నుంచి 14 లక్స్‌కి లేచింది. అంటే తలలో దోషం లేదు, ఉన్నదంతా వెనక మూతలోనే.
2. మల్టీమీటరు ఓమ్స్‌లో పెట్టి తీగలు రెండూ తాకిస్తే 0.3. స్విచ్చి ఆన్ చేసి స్ప్రింగు నుంచి మూత మరల వరకు 0.9. తేడా 0.6 ఓమ్.
3. సెల్లు నడిచిన సేపుని బట్టి చూస్తే లాగింది 0.6 యాంపుల దరిదాపు. 0.6 × 0.6 = 0.36 వోల్టు. ఉన్న 1.2 వోల్టుల్లో మూడో వంతుకి దగ్గర, ఎల్ఈడీ దాకా చేరకుండానే పోతోంది.

నేను ఆనందపడిన 3 గంటల 10 నిమిషాల వెనక ఉన్నది ఇదే. వెలుగు తక్కువగా ఇచ్చినందుకే అంతసేపు నడిచింది.

మూత విప్పి చూస్తే మరల మీద నల్లటి జిడ్డు, అక్కడక్కడ తెల్లటి పొడి. మా చెరువు నీటి ఉప్పదనం (సెలైనిటీ) 12, అంటే లీటరుకి సుమారు 12 గ్రాముల ఉప్పు. ఆ నీళ్ళు తగిలిన చేత్తోనే సెల్లు మారుస్తాం. ఉప్పునీరు ఆరిన చోట పూత లేని అల్యూమినియం ఇలాగే తెల్లగా పూస్తుంది. లోపల స్విచ్చిని పట్టుకున్న రింగు వేలితో తిప్పితేనే తిరిగింది, కొత్తలోనే సరిగా బిగించలేదన్నమాట.

మరమ్మతు:

1. రింగుకి రెండు చిన్న గంట్లు ఉంటాయి. నోస్ ప్లయరు మొనలు అందులో పెట్టి గట్టిగా బిగించాను. ఈ ఒక్క పనితోనే మిణుకు ఆగింది.
2. ఒంటి వెనక అంచుని అద్దం మీద పరిచిన సన్న ఉప్పు కాగితంపై గుండ్రంగా రుద్దాను. అంచు మొత్తం ఒకేలా మెరిసేదాకా ఆపకూడదు.
3. మరలని పాత టూత్‌బ్రష్షుతో, స్పిరిటుతో కడిగాను.
4. స్ప్రింగు సన్న ఉక్కు తీగ. దాని లోపలి నుంచి పాత ఇయర్‌ఫోను వైరులో దొరికే మెత్తటి రాగి పోగులు మెలిపెట్టి, పైనా కిందా సోల్డరింగ్ చేశాను. ఇప్పుడు కరెంటు రాగి గుండా పోతుంది, స్ప్రింగు పని నొక్కి పట్టుకోవడమే. ఇయర్‌ఫోను పోగుల మీద లక్క పూత ఉంటుంది, దాన్ని ముందు కాల్చి గీకాలి. నేను గీకకుండా పెట్టిన మొదటిది అతకలేదు.

తర్వాత కొలత 15 లక్స్. బోదె మీద ఏడెనిమిదిసార్లు కావాలనే గెంతి చూశాను. మోడ్ మారలేదు.

ఉప్పు కాగితం 10, స్పిరిటు 40. మొత్తం 615.

మూడో దశ: ఏ సెల్లు, ఎంతసేపు

వెలుగు పెరిగితే సేపు తగ్గాలి. తగ్గింది కూడా. అదే సెల్లుతో, అదే బాత్‌రూములో:

- 30వ సెకను: 15 లక్స్
- 30 నిమిషాలు: 15
- 60 నిమిషాలు: 14
- 90 నిమిషాలు: 13
- 110 నిమిషాలు: 12
- 120 నిమిషాలు: 4
- 125 నిమిషాలు: 1

ఎఫ్ఎల్-1 పద్ధతిలో 30వ సెకనులో ఉన్న వెలుగు పదో వంతుకి పడేదాకా లెక్క. అంటే నాకు 2 గంటల 4 నిమిషాలు. నా అవసరానికి సరిగ్గా అంచు మీద ఉంది.

భయపెట్టింది ఆ చివరి పది నిమిషాలు. మా నాన్నగారి మూడు సెల్లుల స్టీలు బ్యాటరీ లైటు నాకు గుర్తుంది. 1996 నవంబరు 6 తుపాను తర్వాత కరెంటు లేని రాత్రుల్లో ఇంట్లో దారి చూపింది అదే. అందులో తీగ బల్బు. సెల్లులు నీరసిస్తుంటే వెలుగు తెలుపు నుంచి పసుపుకి, పసుపు నుంచి ఎరుపుకి దిగేది. ఇంకో రెండు రాత్రులే వస్తుందని ముందే తెలిసేది. ఇందులో అలా కాదు. 1.2 వోల్టులని ఎల్ఈడీకి కావాల్సిన 3 వోల్టులకి పెంచే సర్క్యూట్ ఉంటుంది. సెల్లులో ఓపిక ఉన్నంతసేపు అది వెలుగుని నిలబెడుతుంది, ఓపిక అయిపోగానే ఒక్కసారిగా వదిలేస్తుంది. అందుకని ఇప్పుడు ఒకటే పద్ధతి: వెలుగు ఎలా ఉన్నా సరే, రాత్రి రెండింటి రౌండుకి ముందు సెల్లు మార్చేయడం.

మామూలు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు కూడా పెట్టి చూశాను. కొత్తలో 15 లక్సే, కానీ గంట దాటాక మెట్లు మెట్లుగా దిగింది. ఒక యాంపు దాకా లాగే చోట ఆల్కలైన్ సెల్లు తన పూర్తి సత్తువ ఇవ్వలేదు. గోడ గడియారానికీ రిమోటుకీ అది సరిపోతుంది. అయినా అర్ధరాత్రి అవసరమైతే కిరాణా కొట్టులో దొరికేది అదే కాబట్టి, పాకలో డబ్బాలో రెండు ఉంచాను. టార్చిలో వదిలేయకూడదు, కారిపోతే లోపలంతా తినేస్తుంది.

షాపులో ఇంకో సెల్లు అంటగట్టారు. అదే సైజు లిథియం సెల్లు, 14500 అంటారు, 3.7 వోల్టులు, పైన 1200 ఎంఏహెచ్ అని ఉంది. ఖరీదు 120. పెడితే 31 లక్స్, రెట్టింపుకి పైన. పది నిమిషాలకి మీటరు ఉష్ణోగ్రత తీగ ఒంటి మీద 53 డిగ్రీలు చూపించింది (గది 30). 44 నిమిషాలకి చతికిలబడింది. తీసి కొలిస్తే 2.4 వోల్టులు. లిథియం సెల్లు అంత కిందికి దిగితే దెబ్బతింటుంది, ఆపే ఏర్పాటు ఈ టార్చిలోనూ లేదు, ఆ సెల్లులోనూ లేదు. చార్జరు మీద నిండింది 590 ఎంఏహెచ్. పైగా చూడటానికి అచ్చం పెన్సిల్ సెల్లులా ఉంటుంది. పిల్లలు తీసి టీవీ రిమోటులో పెడితే రిమోటు పోతుంది. అది నేను వాడటం మానేశాను, మీకూ వద్దనే చెబుతాను.

తక్కువ మోడ్ 5 లక్స్. సేపు బాగా వస్తుంది, కానీ అది వెలుగుని తగ్గించడం కాదు, వేగంగా ఆర్పి వెలిగించడం. ఏరేటరు మీద వేసి చూస్తే ఆ తేడా కళ్ళకి కనిపిస్తుంది. ఎక్కువ మోడ్‌లో చక్రం చిమ్మే నీళ్ళు తెల్లటి గీతల్లా కనిపిస్తాయి. తక్కువ మోడ్‌లో ఒక్కో చుక్కా దారి పొడవునా పూసలు గుచ్చినట్టు తెగి తెగి కనిపిస్తుంది. ఫోను కెమెరాలో చూస్తే నల్ల చారలు. పాకలో కూర్చుని లెక్కలు రాసుకోవడానికి ఫరవాలేదు, తిరిగేవాటిని చూడటానికి వద్దు.

లిథియం సెల్లు 120. మొత్తం 735.

నాలుగో దశ: నీళ్ళు (అక్టోబరు)

ఎక్కువ రోజులు పట్టింది ఈ దశకే, ఎక్కువ తప్పులూ ఇందులోనే.

వాటర్‌ప్రూఫ్‌కి ఐపీఎక్స్-7 అనే ప్రమాణం ఉంది, అంటే ఒక మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు తట్టుకోవాలి. నా దగ్గరున్న డ్రమ్ములో 85 సెంటీమీటర్లే లోతు వచ్చింది. సెల్లు తీసి, లోపల టిష్యూ కాగితం చుట్ట పెట్టి, నైలాను తాడుతో దింపాను. 30 నిమిషాల తర్వాత కాగితం అంచు తడిసింది, అంతే. ఆశ పుట్టింది.

తర్వాత తడి చేత్తో తల ఒక్కసారి ముందుకి లాగాను. అద్దం లోపల వెంటనే ఆవిరి పట్టింది. ఇంజెక్షను సిరంజి లాగితే ఎలా పీల్చుకుంటుందో ఇదీ అంతే. తల ముందుకి జరిగితే లోపల ఖాళీ పెరుగుతుంది, ఆ ఖాళీ నిండడానికి అంచు మీదున్న నీటిని లాక్కుంటుంది. లాగే తల ఉన్నంతకాలం దీనికి నీటి భయం పోదు.

అసలు నాకు తల లాగే అవసరం ఎంత? రెండు నెలల్లో వాడింది చాలా తక్కువ. లాగితే గోడ మీద పసుపుపచ్చ చతురస్రం పడుతుంది, 2 మీటర్ల దూరంలో పక్కకి 18 సెంటీమీటర్లు. అది ఎల్ఈడీ చిప్పు బొమ్మే. తెల్ల ఎల్ఈడీ అనేది నిజానికి నీలం చిప్పు మీద పసుపు పూత. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. గట్టు మీద ఆ చతురస్రం పనికిరాదు, దాని బయట కాలి పక్కన ఏముందో కనపడదు. అందుకని విచ్చుకున్న స్థితిలోనే తలని సిలికాన్‌తో అతికించేయాలని నిర్ణయించుకున్నాను.

హార్డ్‌వేర్ షాపులో సిలికాన్ ట్యూబు 130కి తెచ్చి, తల కింద గాడి నింపి, మూత బిగించి ఒక రోజు ఆరనిచ్చాను. మర్నాడు సాయంత్రం వెలిగిస్తే వెలుగు మసకగా ఉంది. 15 ఉండాల్సింది 11 లక్స్. అద్దం లోపల పాలపొరలాంటి తెల్లదనం. మూత విప్పితే గుప్పున వెనిగర్ వాసన. నేను అతికిన రాగి పోగులు పచ్చగా కిలుం పట్టాయి.

ఆ రకం సిలికాన్ ఆరేటప్పుడు ఎసిటిక్ యాసిడ్ వదులుతుంది. కిటికీ అద్దాలకి ఇబ్బంది లేదు, గాలికి పోతుంది. టార్చిలో మూత పెడితే ఎటూ పోలేక రాగినీ అద్దాన్నీ పట్టుకుంటుంది. ట్యూబు మీద న్యూట్రల్ అని రాసి ఉన్నది కావాలి. ధర ఎక్కువ, 220, కానీ వాసన ఉండదు, లోహాన్ని తినదు.

మళ్ళీ మొదటి నుంచి:

1. పాత సిలికాన్‌ని వెదురు పుల్లతో గీకి తీశాను. స్క్రూడ్రైవరు వాడితే అల్యూమినియం గీతలు పడుతుంది, ఆ గీతల్లోంచే నీరు వస్తుంది.
2. అద్దం ప్లాస్టిక్కుది. సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. థిన్నరు, ఎసిటోను దగ్గరికి రానివ్వకూడదు.
3. పచ్చబడిన రాగి పోగులు తీసి కొత్తవి అతికాను.
4. న్యూట్రల్ సిలికాన్‌తో గాడి నింపి, వెనక మూత తెరిచి రెండు రోజులు ఆరనిచ్చాను.
5. వెనక మూత రబ్బరు రింగు సన్నగా, ఎండిపోయి ఉంది. మోటారు స్పేరుపార్టుల షాపులో కాస్త లావుది వెతికి మార్చాను. నాలుగు కొన్నాను, ఒకటి తొడిగేటప్పుడు తెగింది.

డ్రమ్ములో 30 నిమిషాలు, తర్వాత నిజం చెరువులో చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్ళెం) తాడుకి కట్టి ఇంకో 30 నిమిషాలు. టిష్యూ పొడి. వెలిగించి మళ్ళీ దింపితే నీళ్ళలోంచి పచ్చటి వెలుగు గుండ్రంగా పైకొచ్చింది, ఆ వెలుగులో రొయ్యల కళ్ళు నిప్పురవ్వల్లా ఎర్రగా మెరిశాయి.

సిలికాన్‌లు 130 + 220, రబ్బరు రింగులు 20. మొత్తం 1105.

ఐదో దశ: చేతికి అలవాటు (నవంబరు, డిసెంబరు)

రబ్బరు రింగుకి జిడ్డు కావాలి, లేకపోతే తిప్పేటప్పుడు తెగుతుంది. కోనసీమలో ఉండి జిడ్డు కోసం ఎక్కడికో వెళ్ళడమెందుకని కొబ్బరినూనె రాశాను. నవంబరు అంతా బాగుంది. డిసెంబరు రెండో వారంలో తెల్లవారుజామున మూత తిరగలేదు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, అది సీసాలో రోజూ చూస్తూనే ఉంటాం. మరల మధ్య గడ్డకట్టి, మట్టితో కలిసి ముద్దయింది. రాత్రి రెండింటి రౌండుకి ముందు సెల్లు మార్చాలన్న నా పద్ధతి ఆ రాత్రి కుదర్లేదు. స్పిరిటుతో కడిగేసి, సిలికాన్ గ్రీజు 90కి తెచ్చాను. పెసరగింజంత చాలు.

కరెంటు పోతే జనరేటరు దగ్గర రెండు చేతులూ పనిలో ఉంటాయి. అప్పుడు లైటు పళ్ళ మధ్య పెట్టుకోవాల్సిందే. అల్యూమినియం చల్లగా, గరుగ్గా పంటికి తగిలి జివ్వుమంటుంది, తడిస్తే జారుతుంది. పాత సైకిల్ ట్యూబు ముక్క 50 మి.మీ. కోసి, సబ్బునీళ్ళతో ఒంటి మీదికి తొడిగాను. పంటికీ చేతికీ పట్టు వచ్చింది, ఖర్చు లేదు. ఈ ఐదు నెలల్లో చేసిన మార్పుల్లో కాపలా తాతకి అన్నిటికన్నా నచ్చింది ఇదే.

చెరువులో పడితే తేలాలని కూడా చూశాను. సెల్లు, ట్యూబుతో కలిపి 90 గ్రాములు. కొలత గ్లాసులో ముంచితే నీళ్ళు 46 మి.లీ. పైకి లేచాయి. అంటే 44 గ్రాముల బరువుని ఎత్తే బెండు కావాలి. వలకి కట్టే బెండు ఒక్కోటి 20 గ్రాములు ఎత్తింది, మూడు కట్టాను, 12 రూపాయలు. తేలింది. కానీ జేబులో పట్టదు, గడ్డికి తట్టుకుంటుంది. పడవ మీద మేత వేసే రోజు తప్ప కట్టడం లేదు. మామూలుగా నైలాను తాడు మణికట్టుకి వేసుకుంటున్నాను.

మంచు పడే రాత్రుల్లో ఒక సంగతి గమనించాను. లైటుని కంటి ఎత్తులో పట్టుకుంటే ముందంతా తెల్లటి గోడ. మంచు బిందువులు వెలుగుని తిరిగి కళ్ళలోకే కొడతాయి. చెయ్యి కిందికి దించి మోకాలి ఎత్తులో పట్టుకుంటే గట్టు కనిపిస్తుంది. మంచు లేని రాత్రి కూడా అదే మంచిది. కింద నుంచి పడే వెలుగుకి ప్రతి గడ్డకీ, ప్రతి కొమ్మకీ పొడుగు నీడ వస్తుంది. చుట్టలుగా పడుకున్నది తాడో పామో ఆ నీడ చెబుతుంది. తలకి కట్టుకునే లైటుతో అన్నీ బల్లపరుపుగా కనిపిస్తాయి.

చెక్ ట్రే దగ్గర మాత్రం ఈ లైటు ఓడిపోయింది. రొయ్య వీపు మీద పేగు గీత నిండుగా ఉందా, తెగి తెగి ఉందా అనేది దీనితో తెలుస్తుంది. రంగు తెలియదు. వెలుగులో నీలం పాలు ఎక్కువ, ఎరుపు తక్కువ. గోధుమరంగు మేత, నల్లటి మట్టి రెండూ ఒకేలా కనిపించాయి. ఒకసారి పేగులో మట్టి ఉంటే మేత అనుకుని పొరపడ్డాను. రంగు చూడాలంటే ట్రేని పాక దగ్గరికి తెచ్చి పసుపు బల్బు కింద చూస్తున్నాను. దీనికి నేను చేయగలిగిన మార్పు లేదు, ఎల్ఈడీనే మార్చాలి.

గ్రీజు 90, బెండులు 12. మొత్తం 1207.

లెక్క (జనవరి, సంక్రాంతి వెళ్ళాక)

నా తప్పులు పక్కన పెట్టి మళ్ళీ చేస్తే అయ్యేది: టార్చి 230, సెల్లుల జత 320, ఉప్పు కాగితం 10, స్పిరిటు 40, న్యూట్రల్ సిలికాన్ 220, రబ్బరు రింగులు 20, గ్రీజు 90. మొత్తం 930. తప్పులకీ, వాడకుండా పక్కన పెట్టినవాటికీ పోయింది 277. సిలికాన్, స్పిరిటు, గ్రీజు ఇంకో నాలుగు టార్చిలకి సరిపడా మిగిలాయి. కాబట్టి ఇద్దరు ముగ్గురు కలిసి చేసుకుంటే తలా ఖర్చు బాగా తగ్గుతుంది.

డబ్బు పెట్టే ఓపిక లేనివాళ్ళు రెండో దశ ఒక్కటి చేసినా చాలు: రింగు బిగించడం, అంచు రుద్దడం, మరలు కడగడం. 9 లక్స్ 15 అయ్యిందంటే దాదాపు అంతా ఆ యాభై రూపాయల పని వల్లే.

జనవరి 20 రాత్రి కొలతలు: వెలుగు 14 లక్స్, వెనక మూత 0.4 ఓమ్ (అందులో తీగలవే 0.3), మరల మీద తెల్ల పొడి లేదు. చెరువు నుంచి రాగానే మంచినీళ్ళ కుళాయి కింద ఒకసారి కడుగుతున్నాను, నెలకోసారి మరలు తుడిచి గ్రీజు రాస్తున్నాను.

మొన్న తాత తన జీతం డబ్బులతోనే ఇలాంటిదే ఇంకోటి కొని నా చేతికిచ్చాడు. "దీన్నీ మీ దానిలా చేసిపెట్టండి బాబూ," అన్నాడు. ఆ కొత్తదాని వెనక మూత కొలిస్తే 1.1 ఓమ్ వచ్చింది, రింగు దీనిలోనూ వేలితోనే తిరిగింది. బిగించి, అంచు రుద్ది, తల అతికించాను. ప్రస్తుతం వెనక మూత తెరిచి కిటికీలో ఆరుతోంది, ఎల్లుండి సాయంత్రం డ్రమ్ములో దింపాలి.